ఆవులింత కోసం పాడే పాట

శ్రోత ఆవులిస్తే ఏ గాయకుడైనా చిన్నబుచ్చుకుంటాడు. జోలపాట పాడే అమ్మ మాత్రం ఆ ఆవులింత కోసమే కాచుకుని ఉంటుంది. కచేరీ పాట మనిషిని కట్టిపడేసే హంగులన్నిటినీ జోలపాట కావాలనే వదులుకుంటుంది. అందులోనే దాని పనితనమంతా ఉంది.

పైస్థాయినే చూడండి. అన్నమయ్య ‘జో అచ్యుతానంద’ను మనవాళ్ళు ఎక్కువగా నవరోజు రాగంలో పాడతారు. ఆ రాగం మంద్ర పంచమంలో మొదలై మధ్యస్థాయి పంచమంతో సరిపెట్టుకుంటుంది, తారషడ్జం జోలికే పోదు. సంగీతం నేర్వని అమ్మమ్మ కూడా ఒళ్ళోని బిడ్డ మీదికి వంగి, గొంతు చించుకోకుండా పాడగలదు. అన్నమయ్య రాగిరేకుల మీద రాగాల పేర్లున్నాయి గానీ స్వరాల్లేవు కనుక, ఈ వరస ఇన్ని తరాలూ గొంతుల మీదుగానే వచ్చిందనుకోవాలి. నీలాంబరిది ఇంకో దారి. అందులో స్వరం మెల్లగా ఊగుతూ పక్క స్వరంలోకి జారిపోతుంది. త్యాగయ్య ‘ఉయ్యాలలూగవయ్య’ను కట్టింది ఆ రాగంలోనే.

లయ ఉయ్యాలది. దూలానికి చీర కట్టి బిడ్డను వేశాక, తాళం వేయాల్సిన చెయ్యి తాడు లాగుతూ ఉంటుంది. ఉయ్యాల ఇటు నుంచి అటు వెళ్ళి వచ్చేలోగా పాదం ముగియాలి. పిల్ల కళ్ళు బరువెక్కే కొద్దీ ఊపు తగ్గుతుంది, పాట నెమ్మదిస్తుంది. ఒక్కో మాటే రాలిపోయి ‘ఉళుళుళు హాయి’ మిగులుతుంది, చివరికి అదీ పోయి ఒట్టి కూనిరాగమే. ఫోన్లో గంటల తరబడి మోగే జోలపాటల వీడియోలకు చేతకానిది ఇదే. వాటికి బిడ్డ మొహం కనపడదు.

చరణాలు కూడా వేటికవే. కథ నడిస్తే పిల్ల ‘తర్వాతేమైంది?’ అని లేచి కూర్చుంటుంది. అందుకే ముద్దుపేర్లు, మేనమామ తెచ్చే మురుగులు, బంగారు తొట్టె, మధ్యలో కాస్త బూచి భయం. ఎక్కడ ఆపినా, వెనక్కి పోయి ఏది ఎత్తుకున్నా పాటకు లోటు రాదు.

వినేవాడికి మాట అర్థం కాదు గనక అమ్మ తన గోడు కూడా అందులోనే వెళ్ళబోసుకోవచ్చు. తీసుకెళ్ళడానికి రాని అన్న, ఇల్లు పట్టని మగడు, అత్తింటి చాకిరీ. పక్క గదిలోని అత్తగారి చెవిన పడాలనే ఎత్తుకున్న చరణాలు కొన్నయినా ఉండి ఉంటాయని నా అనుమానం. బిరుదురాజు రామరాజు ‘తెలుగు జానపద గేయ సాహిత్యము’ (1958) వంటి గ్రంథాలు వచ్చాక ఇలాంటి పాటలకు పండితుల మధ్య పీట పడింది. అంతవరకూ అవి ఆడవాళ్ళ కాలక్షేపమే.

ఇదే పనితనం గుడిలోకీ వెళ్ళింది. తిరుమలలో రాత్రి ఆఖరిది ఏకాంతసేవ. భోగ శ్రీనివాసమూర్తిని పానుపు మీద పడుకోబెట్టి తాళ్ళపాక వంశంవారు లాలి పాడతారు, తరిగొండ వెంగమాంబ పేరిట ముత్యాల హారతి ఇస్తారు. ధనుర్మాసంలో ఆ పానుపు కృష్ణుడిది. ఇంట్లో పసివాణ్ణి అచ్యుతుడని పిలిచే పాట, ఇక్కడ అచ్యుతుణ్ణే పసివాణ్ణి చేస్తుంది.

బారసాల నాటి లాలి సంగతి వేరు. తెలంగాణలో తొట్లె వేసే రోజూ అంతే. ముత్తైదువులంతా కలిసి గొంతెత్తుతారు. ఆ సందడికి నిద్రపోతున్న బిడ్డ లేచి ఏడ్చినా ఎవరూ ఏమనుకోరు. అది పేరంటం పాట, వినవలసింది చుట్టాలు.

సినిమాకూ ఇంచుమించు ఇదే చిక్కు. 1955లో ‘సంతానం’ కోసం సుసర్ల దక్షిణామూర్తి సంగీతంలో లతా మంగేష్కర్ పాడిన తొలి తెలుగు పాట, ‘నిదురపోరా తమ్ముడా’, జోలపాటే. 1986లో ‘స్వాతిముత్యం’ లాలిని సినారె రాస్తే ఇళయరాజా బాణీ కట్టారు, సుశీల పాడారు. రెండూ నాకిష్టమే. కానీ హాల్లో టికెట్ కొన్నవాడు మేలుకుని ఉండాలి కదా, అందుకే చరణాల మధ్య వాద్యాల హంగు. ఇంటికొచ్చిన అమ్మలు ఆ వాద్యాలన్నీ ఎత్తేశారు. గుర్తురాని ముక్కల్లో జోజోలు నింపి, పల్లవినే తిప్పితిప్పి పాడుకున్నారు. సినారె చరణాల్లో సగం అలా జోజోల్లో కలిసిపోయాయి.