మద్దెల ఓడేనా?

ఆడలేక మద్దెల ఓడంటారు కదా, మోటారుసైకిలు పందేలకూ ఈ సామెత అతుకుతుందా? ఇటలీ వీరుడు వాలెంటినో రోసీ 2005లో వెలువరించిన ఆత్మకథ చదివితే అతుకుతుందనే అనిపిస్తుంది. గెలుపంతా బండి చలవేననే హోండావారి ధోరణి గిట్టక, 1992 తర్వాత ప్రపంచ పెద్ద పట్టం ఎరగని యమహా ఎక్కాడాయన. 2004లో మొదటి పందెమూ, ఏడాది చివర పట్టమూ గెలిచాడు. భేష్!

పుస్తకం అక్కడితో ఆగింది, కథ ఆగలేదు. 2011, 2012లలో డుకాటీ మీద అదే రోసీ, వెంట అదే మెకానిక్కు బర్గెస్. ఒక్క పందెమూ దక్కలేదు! పోనీ, మద్దెలే ఓడందామా? 2010లో డుకాటీ మీదే కేసీ స్టోనర్ మూడు పందేలు గెలిచాడే!

చెయ్యీ మంచిదే, మద్దెలా మంచిదే. శ్రుతి కలవలేదంతే. గెలిచినవాడు రాసిన పుస్తకంలో ఈ శ్రుతి మాట తక్కువ. ఓడిన ఆ రెండేళ్ల గురించి ఆయన రాస్తే, ముందు అది చదవాలనుంది నాకు.