మూడు పాళ్ల లెక్క

ఒక ప్రాంతంలో పదేళ్లలో ఉద్యోగాలు పెరిగాయంటే ఆ ఘనత ఎవరి ఖాతాలో వేయాలి? దేశమంతా పెరుగుతుంటే ఇక్కడా పెరిగాయా? రోజులు బాగున్న పరిశ్రమలు ఈ ఊళ్లో ఉండటం కలిసొచ్చిందా? లేక ఈ నేలలోనే ఏదైనా బలం ఉందా? ఈ మూడింటినీ విడదీసే లెక్కను షిఫ్ట్-షేర్ అంటారు. 1940ల తొలినాళ్లలో అమెరికాలో డేనియల్ క్రీమర్ దానికి తొలి రూపు ఇస్తే, 1960లో ఎడ్గర్ డన్ దాన్ని చెక్కి నునుపు చేశారు. ప్రాంతీయ అర్థశాస్త్రంలో ఇంతకంటే పొందికైన పనితనం అరుదు. కూడిక, తీసివేత, శాతాలు వచ్చినవారెవరైనా కాగితం మీద వేసి చూడొచ్చు.

ఒక ప్రాంతంలో వెయ్యి ఉద్యోగాలున్నాయనుకుందాం. 700 సాగులో, చేపల వేటలో, 300 ఫ్యాక్టరీల్లో. ఆ కాలంలో దేశం మొత్తం మీద ఉద్యోగాలు 10 శాతం పెరిగాయి. కానీ సాగు, వేటల్లో పెరిగింది 2 శాతమే. ఫ్యాక్టరీల్లో 20 శాతం. దేశంతో సమంగా నడిస్తే ఈ ప్రాంతానికి 100 కొత్త ఉద్యోగాలు రావాలి. ఇది మొదటి పాలు. సాగు, వేట దేశం కంటే 8 శాతం వెనకబడ్డాయి కాబట్టి 56 తగ్గుతాయి. ఫ్యాక్టరీలు 10 శాతం ముందున్నాయి కాబట్టి 30 కలుస్తాయి. నికరంగా 26 నష్టం. పరిశ్రమల మేళవింపు వల్ల వచ్చిన ఈ తేడా రెండో పాలు. అంటే 74 రావాలి. తీరా చూస్తే 120 వచ్చాయి. మిగిలిన 46 ప్రాంతపు సొంత పాలు. మూడూ కలిపితే 120 సరిపోతుంది, ఒక్క ఉద్యోగం కూడా లెక్క తప్పదు. ఈ లెక్క నాకు నచ్చేది ఇక్కడే. మేళవింపు బాగాలేని ప్రాంతం ఎంత కష్టపడిందో బయటపెడుతుంది; మంచి మేళవింపు మీద తేలుతూ వచ్చిన ప్రాంతాన్ని అనవసరంగా మెచ్చుకోనివ్వదు.

ఇప్పుడీ లెక్కను శ్రీహరికోటకు తెద్దాం. పులికాట్ సరస్సుకూ బంగాళాఖాతానికీ నడుమనున్న ఈ దీవి ఒకప్పుడు మద్రాసు పొయ్యిలకు కట్టెలు పంపేది. అడవిలో కొట్టిన కట్టెలు బకింగ్‌హాం కాలువ మీద పడవల్లో వెళ్లేవి. అక్కడి గిరిజనులైన యానాదులకు ఆ అడవే బతుకుతెరువు. పట్నం కిరసనాయిలుకూ గ్యాసుకూ మళ్లింది, కాలువ రవాణా చితికిపోయింది. కట్టె కొట్టే చేతుల్లో నేర్పు తగ్గలేదు, పడవ నడిపేవాళ్లు సోమరులు కాలేదు. వాళ్ల చేతుల్లో ఉన్న పనికే కాలం చెల్లింది. రెండో పాలు మైనస్ కావడమంటే మనుషుల జీవితాల్లో అర్థం ఇదే. పేదరికాన్ని మనుషుల గుణానికి అంటగట్టే మాటలు విన్నప్పుడల్లా ఈ పాలు గుర్తుచేసుకోవాలనిపిస్తుంది.

1969లో రాకెట్ కేంద్రానికి ఈ దీవిని ఎంపిక చేశారు. 1971 అక్టోబరు 9న రోహిణి ఆర్‌హెచ్-125 అనే చిన్న రాకెట్ ఇక్కణ్నుంచి ఎగిరింది. డన్ లెక్కకు అసలు పరీక్ష ఇప్పుడే. పట్టిక వేస్తే తొలి ఏడాది గడిలో రాకెట్ పరిశ్రమ ఎదురుగా సున్నా ఉంటుంది. సున్నాను ఏ శాతంతో హెచ్చవేసినా సున్నాయే కనుక మొదటి రెండు పాళ్లూ ఖాళీ. కొత్తగా వచ్చిన ప్రతి ఉద్యోగమూ ప్రాంతపు సొంత పాలులో పడుతుంది. నిర్ణయం ఢిల్లీ స్థాయిలో జరిగితే ఊరి ఖాతాలో వేయడమేమిటని అడగొచ్చు. కానీ ఆలోచించండి: భూమధ్యరేఖకు 13.7 డిగ్రీల దగ్గర, తూర్పున అడ్డులేని సముద్రం, పలచటి జనాభా. రాకెట్‌ను తూర్పుకు వదిలితే భూభ్రమణ వేగం తోడవుతుంది, రాలిన దశలు నీళ్లలో పడతాయి. ఇదంతా ఈ నేల సొంత ఆస్తే. లెక్క తనకు తెలియకుండానే నిజం చెప్పింది.

లెక్క చెప్పలేనిదీ ఒకటుంది. ఎల్‌వీఎం3 రాకెట్‌కు రెండు పక్కలా ఉండే ఎస్200 మోటార్లలో ఒక్కొక్కదానికి 200 టన్నులకు పైగా ఘన ఇంధనం పడుతుంది. దాన్ని శ్రీహరికోటలోనే కలిపి, పోసి, గట్టిపరచి, లోపల ఎక్కడా పగులు లేదని ఎక్స్‌రే తీసి చూస్తారు. అయితే అందులోని అమ్మోనియం పెర్‌క్లోరేట్ తయారయ్యే ఇస్రో కర్మాగారం కేరళలో అలువా దగ్గరుంది. మోటారు తొడుగుకు వాడే మారేజింగ్ ఉక్కు హైదరాబాద్‌లోని మిధానీ సంస్థది. ఉద్యోగుల ఎంపికా దేశమంతటి నుంచీ జరుగుతుంది. దీవికి దగ్గరి పట్టణమైన సూళ్లూరుపేటకు దక్కేది ఇళ్ల అద్దెలు, బడులు, దుకాణాలు, కాంట్రాక్టు పనులు. ఒక పరిశ్రమ తన సరుకులు ఎక్కడ కొంటుందో చెప్పే గడి షిఫ్ట్-షేర్ పట్టికలో లేదు.

సూళ్లూరుపేట నుంచి జాతీయ రహదారి మీద దక్షిణంగా తడ వైపు వెళ్తే ఇంకో ప్రపంచం. మాంబట్టులో అపాచీ కర్మాగారం అడిదాస్ బూట్లు కుట్టిస్తుంది. అక్కడ పనిచేసేవారిలో ఎక్కువమంది చుట్టుపక్కల పల్లెల ఆడవాళ్లు. ఇంకొంచెం లోపల, 2008లో మొదలైన శ్రీసిటీలో ఫోన్లు, ఇసుజు బండ్లు, చాక్లెట్లు తయారయ్యాయి. చెన్నై రేవులకు చేరువ, ఆంధ్ర వైపు దొరికిన భూమి వీటికి కారణాలు. బూట్ల పరిశ్రమకు చేతులు ఎక్కువ కావాలి, రాకెట్‌కు చదువు ఎక్కువ కావాలి. పక్కపక్కనే ఉన్నా రెండూ ఒకే గడప తట్టవు. ఉద్యోగాల సంఖ్య పెరగాలంటే మొదటిది, ఒక్కో ఉద్యోగం జీతం పెరగాలంటే రెండోది. రెండూ ఉన్న ప్రాంతాలు మన రాష్ట్రంలో తక్కువ. అందుకే ఈ తీరాన్ని అర్థశాస్త్ర విద్యార్థులు శ్రద్ధగా చూడాలి.

మళ్లీ లెక్క దగ్గరకు వస్తే, డన్ పనిలోని ఒక అతుకును 1972లో ఎస్టెబన్-మార్కియాస్ సరిచేశారు. ప్రాంతపు సొంత పాలులోకి మేళవింపు ప్రభావం కొంత జారిపోతోందని చూపి, ఆ ప్రాంతంలో పరిశ్రమల వాటాలు దేశంలోలాగే ఉంటే ఎన్ని ఉద్యోగాలు ఉండేవో ఊహించి, ఆ భాగాన్ని వేరు చేశారు. తనకు బలం ఉన్న పరిశ్రమల్లోనే ప్రాంతపు ఉద్యోగాలు ఎక్కువగా ఉన్నాయా లేదా అన్నది అప్పుడు తేలుతుంది.

ఈ లెక్క వేయబోతే మన దగ్గర చిక్కంతా తొలి ఏడాది అంకెలతోనే. 2013లో మొదలైన ఆరో ఆర్థిక గణన పంట సాగును లెక్కలోకి తీసుకోలేదు. 2022 ఏప్రిల్‌లో సూళ్లూరుపేట, తడ మండలాలు నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాకు మారాయి. పాత జిల్లా అంకెలను కొత్తవాటితో నేరుగా పోల్చలేం, మండలాలవారీగా మళ్లీ పేర్చుకోవాలి. ఈ చిక్కు మళ్లీ రాకుండా చూసుకునే అవకాశం ఒకటుంది. తమిళనాడు తీరంలో కులశేఖరపట్టణం దగ్గర ఇస్రో రెండో ప్రయోగ కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన జరిగింది. ఉప్పు మళ్లలో, పడవల్లో, తాటి తోపుల్లో అక్కడ ఎంతమంది పనిచేస్తున్నారో ఊరూరా తిరిగి ఇప్పుడే రాసిపెట్టుకుంటే, మన దీవికి 1969లో ఎవరూ వేసి ఉంచని పట్టిక ఆ ఊరికైనా ఉంటుంది.