కాళ్ల కింద నేల, ఎదుట శనిగ్రహం

టెలిస్కోపులో శనిగ్రహాన్ని మొదటిసారి చూసినవాళ్లు ఓ పట్టాన నమ్మరు. గొట్టం చివర ఎవరో బొమ్మ అతికించారేమోనని ముందుకెళ్లి చూసేవాళ్లూ ఉంటారు. ఏలినాటి శని అంటూ భయపడుతూ పెరిగిన మనకైతే, మినపగింజంత వెలుగు చుట్టూ వడ్డాణంలా ఆ వలయం కనబడేసరికి నోట మాట రాదు. అమెరికన్ చిత్రకారుడు చెస్లీ బోన్‌స్టెల్‌కి ఆ అనుభవం పదిహేడో ఏట, 1905లో కలిగింది. కాలిఫోర్నియాలోని లిక్ అబ్జర్వేటరీలో 12 అంగుళాల టెలిస్కోపులోంచి శనిని చూసి, ఇంటికి పరుగున వచ్చి బొమ్మ వేశాడు. మరుసటేడు శాన్‌ఫ్రాన్సిస్కో భూకంపం వెంట చెలరేగిన మంటల్లో అది కాలిపోయింది.

శనిగ్రహ చిత్రాలతో ఆయన లోకానికి తెలిసింది దాదాపు నలభై ఏళ్ల తర్వాత. ఈలోగా ఆర్కిటెక్టుగా న్యూయార్కు క్రైస్లర్ భవనం ముఖభాగానికి పనిచేశాడు. గోల్డెన్ గేట్ వంతెన కట్టకముందే అది ఎలా ఉండబోతోందో బొమ్మలు వేసి చూపించాడు. హాలీవుడ్‌లో ‘సిటిజన్ కేన్’ లాంటి సినిమాలకు, సెట్టులో లేని కట్టడాలను పెయింటింగుతో ఉన్నట్టు నమ్మించాడు. ఇంకా లేనిదాన్ని కొలత తప్పకుండా కళ్లముందు పెట్టడమే ఈ మూడు పనుల్లోనూ ఉన్న విద్య. 1944 మే 29 నాటి ‘లైఫ్’ పత్రికలో అచ్చయిన శనిగ్రహ చిత్రాలకు పెట్టుబడి అదే.

ఆ చిత్రాల్లో ఆయన మనల్ని తీసుకెళ్లి శని ఉపగ్రహాల మీద నిలబెట్టాడు. లెక్క అక్కడే మొదలవుతుంది. శని అడ్డుకొలత సుమారు 1,20,500 కిలోమీటర్లు. మైమాస్ అనే బుల్లి ఉపగ్రహం శని కేంద్రానికి సుమారు 1,85,500 కిలోమీటర్ల దూరంలో తిరుగుతుంది. దాని మీద నిలబడితే శని ఆకాశంలో 38 డిగ్రీల మేర కమ్ముకుంటుంది. మన చందమామ పట్టే చోటు అర డిగ్రీ. అంటే సుమారు డెబ్బై అయిదు చందమామల్ని వరసగా పేర్చినంత వెడల్పు! 12 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న టైటాన్ నుంచి చూస్తే అదే శని ఆరు డిగ్రీలకు లోపే. పైగా ఈ రెండు ఉపగ్రహాలూ దాదాపు వలయాలతో ఒకే మట్టంలో తిరుగుతాయి కనుక, అక్కడి నుంచి వలయం పళ్లెంలా విప్పారదు, కత్తి అంచులా సన్నగీతై కనబడుతుంది. అంత అందమైన వలయాలను పూర్తిగా విప్పి చూపాలని ఏ చిత్రకారుడికి ఉండదు? టైటాన్ చిత్రంలో బోన్‌స్టెల్ ఆ ఆశకు లొంగలేదు, గీతే గీశాడు. నాకు ఆయన మీద గౌరవం కుదిరింది ఆ గీత దగ్గరే.

ఆ టైటాన్ చిత్రాన్నే కాసేపు చూడండి. ఎదురుగా మంచు పట్టిన కొండచరియలు. వాటి వెనక ముదురు నీలి ఆకాశం, అందులో నెలవంకలా శని. మన చూపు ముందు బండల మీద ఆగుతుంది. బండ మనకు తెలుసు, ఎక్కాం, జారాం, మోకాళ్లు దోక్కుపోయాయి. ఆ తెలిసిన బండ మీద కాలూని తల ఎత్తినప్పుడే పైనున్నది ఎంత పెద్దదో ఒంటికి తెలుస్తుంది. నల్లని శూన్యంలో ఒంటరిగా వేలాడే గోళం ఎంత గొప్పగా వేసినా గోలీకాయలాగే ఉంటుంది. అందుకే ఆయన నేల కోసం అంత తాపత్రయపడేవాడు. కొండల నమూనాలు తయారుచేసుకుని, ఫోటో తీసి, దాని ఆధారంగా రంగులు వేసేవాడు.

ఆ నేలే ఆయన్ని మోసం చేసింది కూడా. గాలీ వానా లేని చంద్రుడి మీద కొండలు అరగవనుకుని వాటిని కోరల్లా, నిట్టనిలువుగా వేశాడు. అంతకు ఎంతో ముందే ఫ్రాన్సులో లూసియాఁ రుడో అనే చిత్రకారుడు తన సొంత అబ్జర్వేటరీ నుంచి చంద్రబింబం అంచును ఓపిగ్గా గమనించి, కొండలు గుండ్రంగా, మొద్దుబారి ఉంటాయని గ్రహించాడు, అలాగే వేశాడు. అపోలో యాత్రలతో రుడో మాటే నెగ్గింది. 1957లో బోస్టన్ మ్యూజియం ఆఫ్ సైన్స్ కోసం బోన్‌స్టెల్ వేసిన నలభై అడుగుల చంద్రదృశ్యాన్ని 1970లో గోడ మీంచి దించేశారు. 2005 జనవరి 14న హైగెన్స్ నౌక టైటాన్ మీద దిగితే నీలాకాశం లేదు. నారింజరంగు మసక తప్ప శని జాడే లేదు.

కంటి నిజాయితీలో రుడోదే పైచేయి, సందేహం లేదు. అయినా అక్కడికి వెళ్లి నిలబడాలన్న కోరిక పుట్టించింది బోన్‌స్టెల్ బొమ్మలే. 1952 నుంచి ‘కోలియర్స్’ పత్రికలో రాకెట్ ఇంజినీరు వెర్నర్ ఫాన్ బ్రౌన్ వ్యాసాల పక్కన ఆ చిత్రాలు వచ్చినప్పుడు, అంతరిక్షయానం పిల్లల కథల్లోంచి నడిచి ఇంటి ముందుగదిలోకి వచ్చింది.

1965 మార్చిలో ఒక చిత్రకారుడు నిజంగానే అంతరిక్షానికి వెళ్లాడు. అంతరిక్షంలో నడిచిన తొలి మనిషి, రష్యన్ వ్యోమగామి అలెక్సీ లియొనోవ్. నౌకలో రంగు పెన్సిళ్లు తేలిపోకుండా వాటికి దారాలు కట్టి, ఆ దారాలను మణికట్టు పట్టీకి ముడేసుకున్నాడు. కిటికీలోంచి చూస్తూ, భూమి అంచున సూర్యుడు పొడుస్తుంటే, ఆ పలచని రంగుల చారలను చిన్న కాగితం మీద ఒక్కొక్కటిగా గీసుకున్నాడు.