పల్నాటి వీరచరిత్ర: మతం, యుద్ధం, వ్యంగ్యం

పల్నాటి యుద్ధాన్ని శైవ వైష్ణవ సంఘర్షణగా వ్యాఖ్యానించడం పరిపాటి. నాయకురాలు నాగమ్మ శైవురాలు కావడం, బ్రహ్మనాయుడు మాచెర్ల చెన్నకేశవుని భక్తుడు కావడం ఈ వ్యాఖ్యకు ఆధారం. అయితే 1911లో అక్కిరాజు ఉమాకాంతం ప్రకటించిన, శ్రీనాథ కృతంగా ప్రసిద్ధమైన మంజరీ ద్విపద కావ్యాన్ని, దానికి మూలమైన వీరగాథను కలిపి పరిశీలిస్తే ఈ నిర్ణయం నిలవదు. రాజ్యాన్ని పణంగా నిలిపింది కోడిపందెం. రాయబారి అలరాజును బలిగొన్నది విషప్రయోగం. రెండింటిలోనూ సిద్ధాంతచర్చ లేదు. మతం ఇక్కడ వైరానికి మూలం కాదు, పక్షాలకు గుర్తు మాత్రమే.

ఈ గాథలోని వ్యంగ్యానికి కేంద్రం చాపకూడు. కులభేదం పాటింపక ఒకే పంక్తిన భుజించడం బ్రహ్మనాయుని వైష్ణవం చేసిన సంస్కరణ. మాల కన్నమదాసును కుమారునిగా ఆదరించిన నాయకుడతడు. కాని ఆ సమత ఊళ్ళలో వేరూనకముందే ఆ పంక్తిలోని వీరులు కారెంపూడి రణరంగంలో నేలకొరిగారు. కలిసి బ్రతకడానికి ఏర్పడిన పంక్తి కలిసి మరణించే సేనగా పరిణమించింది.

యుద్ధానంతర సంప్రదాయం ఈ వైపరీత్యాన్ని మరింత గాఢం చేస్తుంది. బ్రహ్మనాయుడు సింహాసనం కోరక గుత్తికొండ బిలం ప్రవేశించాడని ఐతిహ్యం. కారెంపూడిలో నేటికీ వీరుల ఆయుధాలకు పూజ జరుగుతుంది. ఆ వీరారాధనలో అంకమ్మ శక్తికీ స్థానముంది. చెన్నకేశవుని భక్తులు శక్తి సన్నిధిలో కొలువులందుకొంటున్నారు. ఏ మతభేదం యుద్ధకారణమని విమర్శ చెప్పిందో దానికి జనుల ఆరాధనలో ప్రాధాన్యం లేదు. కనుక దీనిని మతవిజయగాథగా కంటే, మతాదర్శం యుద్ధంలో చెల్లించిన మూల్యాన్ని చూపే విషాదగాథగా గ్రహించడం సమంజసం.