సభ లేని జనుల కథ

శంషాబాదు పైగా ప్రభువులగు షమ్సుల్ ఉమ్రాల పేర వెలసినది. 2008 నుండి అచ్చట విమానము దిగువారికి ప్రభువుల పేరు చెవిని పడును. ప్రజల కథ పడదు. ఆ కథకై మేము వట్టికోట ఆళ్వారుస్వామిగారి 'ప్రజల మనిషి' నవలను చూతుము.

ఇంగ్లండున 1642లో రాజపక్షము నెదిరించుటకు పార్లమెంటు కలదు. నిజాము రాజ్యమున జనాధికారముగల సభ లేదు. ఆ లోటును గ్రంథాలయోద్యమము, ఆంధ్రమహాసభ ఎట్లు పూడ్చినవో ఈ నవల చూపును. 1948 నాటి రజాకారుల దౌర్జన్యము ఇందు లేదు. దాని నెదిరించిన జనులకు ధైర్యమెట్లు కలిగెనో కలదు. కథానాయకుడగు కంఠీరవమునందు దోషమొక్కటియు లేకుండుట శిల్పలోపమే. అయినను, సభ లేని జనులు తామే సభయైన తీరు ప్రతి గృహమున చదువదగినది.