కంపెనీ చేతులెత్తేశాక

లారీకి పాతికేళ్లు దాటాయంటే ఇక దానికి మేస్త్రీయే దిక్కు. షోరూం కౌంటర్లో పార్టు నంబరు చెబితే కుర్రాడు కంప్యూటర్ వంక చూసి "అది ఆపేశారండీ" అంటాడు. అతన్ని అని లాభం లేదు. కొత్త బళ్ల స్పేర్లకే చోటు చాలని గోడౌన్లో 1970ల నాటి టైమింగ్ గేరును ఎవరు దాచిపెడతారు? కానీ ఆ గేరు లేదని బండి మూలపడుతుందనుకుంటే మీకు విజయవాడ ఆటోనగర్ సంగతి తెలియనట్టే. పాత ఇంజన్ల పనికి పేరుపడ్డ షెడ్లు అక్కడ ఇంకా ఉన్నాయి. దొరకని పార్టును దొరికించే విద్య, దొరక్కపోతే పుట్టించే విద్య ఆ షెడ్లలో ఉంది. నన్నడిగితే, మా ఉమ్మడి కృష్ణా జిల్లా వాళ్లం కూచిపూడికీ కొండపల్లి బొమ్మకూ ఇచ్చే మర్యాదలో సగమైనా దీనికి ఇవ్వాలి.

చరిత్ర రెండు ముక్కల్లో కానిచ్చేస్తాను. 1954లో టాటాల టెల్కో వాళ్లు జర్మనీ డైమ్లర్-బెంజ్‌తో కలిసి లారీలు మొదలుపెట్టారు. 1969లో ఆ ఒప్పందం ముగిసి, ముందువైపు బెంజి నక్షత్రం పోయి టాటా గుర్తు వచ్చింది. మన విజయవాడ బెంజి సర్కిల్‌కు ఆ పేరు అప్పటి బెంజి షోరూం వల్లే వచ్చిందని పెద్దలంటారు. ఇటు మద్రాసు పక్కన ఎన్నూరులో, రఘునందన్ శరణ్ 1948లో పెట్టిన అశోక్ మోటార్స్ 1955లో అశోక్ లేలాండ్ అయింది. కామెట్, బీవర్, హిప్పో ఆ ఇంటి పిల్లలే. పెర్కిన్స్ ఇంజను డాడ్జీలు, ఫార్గోలు, జబల్‌పూర్‌లో తయారై సైన్యం వేలంలో బయటికొచ్చిన శక్తిమాన్లు కూడా మన రోడ్లు చూసినవే.

ఇప్పుడవన్నీ ఎక్కడున్నాయంటారా? చాలా బళ్లు తుక్కులోకి పోయాయి గాని ఇంజన్లు పోలేదు. ఊళ్లో నీళ్ల ట్యాంకరు కింద, క్వారీలో కంప్రెసరుకు, రైసు మిల్లు జనరేటరుకు, బోర్లు వేసే రిగ్గు మీద ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. చేపల బోట్లలో లేలాండు ఇంజన్ల మోత విశాఖ హార్బరుకు వెళ్తే మీకే వినిపిస్తుంది. ఇంజను బాగున్నంత కాలం దాన్ని మార్చడానికి యజమానికి మనసొప్పదు. ఒక్క వాల్వు కోసం లక్షల ఇంజను మార్చమనే సలహా ఇచ్చేవాడు తన డబ్బుతో బండి కొన్నవాడై ఉండడు.

వెతకడంలో మొదటి పాఠం సైజు. బండి పేరు చెప్పి పార్టు అడిగేవాడు కొత్తవాడు. పాతకాపు సైజు చెప్పి అడుగుతాడు. టాటా 697 అంటే ఆరు సిలిండర్లు, 97 మిల్లీమీటర్ల బోరు; దాని ముందుదైన 692కి 92 బోరు. లేలాండు 370, 400, 680 అంటే ఆ ఇంజను ఎన్ని ఘనపు అంగుళాలో దాదాపు ఆ అంకె. ఇక్కడే వెయ్యి తంటాలు మొదలు. టాటా మిల్లీమీటర్ల బండి, పాత లేలాండు అంగుళాల బండి. మూడెనిమిదో వంతు అంగుళం బోల్టు 9.525 మిల్లీమీటర్లు. తొందరపడ్డ కుర్ర మెకానిక్కు దాని బదులు 10 మిల్లీమీటర్ల బోల్టు తెచ్చి, రెండు చుట్లు తిరగ్గానే పట్టేసిందని సంబరపడి పానా మీద బలం వేస్తాడు. బ్లాకులో మర పోతుంది. ఒక రూపాయి తేడాకి లక్ష రూపాయల బ్లాకు! తెలిసిన మేస్త్రీ ముందు మర గేజి పెట్టి చూస్తాడు, తర్వాతే పానా అందుకుంటాడు.

ఇక పిస్టన్. బోరు కలిస్తే పిస్టన్ కలిసినట్టేనని చాలామంది నమ్మకం. నాలుగు కొలతలు కలవాలి: బోరు, పిన్ను మందం, పిన్ను నడిమి నుంచి పిస్టన్ పైతలం దాకా ఎత్తు, పైన డీజిల్ మండే గిన్నె లోతు వెడల్పు. 697ది 97 బోరు, 128 స్ట్రోకు. బెంజి వాళ్ల ఓఎం 352 ఇంజనుదీ అదే 97, అదే 128. బంధుత్వం తెలిసినవాడికి ఇది పెద్ద ఆసరా. అయినా మంచి మేస్త్రీ అంత మాత్రాన బిగించడు. పిస్టన్ మీద మెత్తటి సీసం తీగ ముక్క పెట్టి, హెడ్డు బిగించి, ఇంజనును చేత్తో ఒక్క చుట్టు తిప్పుతాడు. హెడ్డు విప్పి నలిగిన తీగ మందం మైక్రోమీటరుతో కొలుస్తాడు. పిస్టన్ హెడ్డుకు ఎంత దగ్గరగా వస్తోందో ఆ తీగ చెప్పేస్తుంది. ఇంత చౌకైన పరీక్ష ఇంత ఖచ్చితంగా ఉండటం చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది.

ఒక షెడ్డులో నేను చూసిన నోటు పుస్తకం గురించి చెప్పాలి. అట్ట ఊడిపోయి, పేజీల అంచులు గ్రీజుతో నల్లబడ్డ పుస్తకం. అందులో బండ్ల పేర్ల వరస ఉండదు, సైజుల వరస ఉంటుంది. 'పిన్ను 35' అన్న పేజీ తీస్తే ఆ మందం పిన్ను వాడే ట్రాక్టర్లు, కంప్రెసర్లు, జనరేటర్లు, లారీలు అన్నీ ఒకదాని కింద ఒకటి. కంపెనీ కేటలాగు ఎప్పుడూ చెప్పని చుట్టరికాలు అవి. ఏ పార్టు ఏ ఊళ్లో దొరుకుతుందో పక్కన గుర్తులు: ఢిల్లీ కశ్మీరీ గేటు, మద్రాసు పుదుపేట, కలకత్తా మల్లిక్ బజారు, రాజ్‌కోట్, కోయంబత్తూరు. అక్కడి దుకాణదారుడి డెడ్ స్టాకులో ఏముందో అతనికే గుర్తులేదు గాని, ఇక్కడ ఈ పుస్తకానికి తెలుసు!

నా దృష్టిలో అన్నిటికంటే గొప్ప పని క్రాంకుది. అరిగిన క్రాంకును గ్రైండింగ్ చేసి, తగ్గిన సైజుకు సరిపడే బేరింగ్ షెల్స్ వేయడం మామూలు పద్ధతి. ఒక్కో మెట్టుకు పావు మిల్లీమీటరు చొప్పున నాలుగు మెట్లు. అంగుళాల బండికైతే అంగుళంలో వెయ్యో వంతుల లెక్కన టెన్, ట్వంటీ, థర్టీ, ఫార్టీ. పాత ఇంజను మన చేతికి వచ్చేసరికి ఫార్టీ కూడా అయిపోయి ఉంటుంది, కొత్త క్రాంకు దొరకదు. అప్పుడు కదా పనిమంతుడెవరో తేలేది. ముందు క్రాంకును గొలుసుకు వేలాడదీసి చిన్న సుత్తితో తడతారు. ఖంగున మోగితే సరే, పగిలిన కుండలా పలికితే లోపల బీట ఉన్నట్టు. ఎక్కడో తేల్చుకోడానికి కిరసనాయిలు రాసి, శుభ్రంగా తుడిచి, సుద్దపొడి పూస్తారు. కాసేపటికి బీటలో దాగిన కిరసనాయిలు ఊరి తెల్లటి సుద్ద మీద సన్నటి నల్లగీత తేలుతుంది. ఆ గీత జర్నలు (బేరింగులో తిరిగే భాగం) మూలలో కనబడితే క్రాంకు తుక్కుకే.

అంతా ఆ మూలలోనే ఉంది. జర్నలు వచ్చి పక్క గోడను కలిసేచోట చిన్న ఒంపు ఉంటుంది. గ్రైండింగ్ రాయి అంచును వజ్రపు మొనతో గుండ్రంగా చెక్కుకుని, ఆ ఒంపును ఉన్నదున్నట్టు దించాలి. చౌక పనివాడు రాయిని చదునుగానే దించేస్తాడు, మూల పదునుగా తయారవుతుంది. పైకి అద్దంలా మెరుస్తుంది, కొలతా సరిగ్గానే ఉంటుంది. లోడు ఎక్కించి ఘాటు ఎక్కేటప్పుడు సరిగ్గా ఆ మూల దగ్గరే క్రాంకు రెండు ముక్కలవుతుంది. వంగిన క్రాంకును ప్రెస్సులో పెట్టి నొక్కడం అందరికీ తెలిసిందే. ఆటోనగర్‌లో ఒక పెద్దాయన ప్రెస్సు జోలికే పోరు. డయల్ గేజి పెట్టి, మొద్దు ఉలితో ఆ ఒంపులోనే తేలిగ్గా దెబ్బలు వేస్తారు. దెబ్బ దెబ్బకూ ముల్లు వెనక్కి నడుస్తుంది. ప్రెస్సుతో సరిచేసింది మళ్లీ వంగవచ్చు, ఇది వంగదు. ఆయన పక్కన నిలబడి అడిగాను, ఎన్ని దెబ్బలు వేయాలో ఎలా తెలుస్తుందని. "లెక్క నాకెందుకు బాబూ, ముల్లు చెబుతుంది కదా" అన్నారు, తలెత్తకుండానే.

షెల్స్ ఎక్కడా దొరక్కపోతే తెల్లలోహం పోసేవాళ్లు ఉండేవారు. తగరం, ఆంటిమొనీ, రాగి కలిపిన లోహాన్ని కరిగించి బేరింగ్ ఇంట్లో పోసి, బోరు చేసి, క్రాంకుకు నీలి రంగు పూసి తిప్పి, రంగు అంటిన చోటల్లా స్క్రేపరుతో గీకుతూ పోవడం. రోజంతా గీకినా తరిగేది వెంట్రుకవాసే. ఈ పని తెలిసిన చేతులు ఇప్పుడు బాగా తగ్గిపోయాయి.

బోట్ల ఇంజనుకు ఎగ్జాస్టు వాల్వు దొరకనప్పుడు కాడ మందం కలిసిన వేరే వాల్వు తెచ్చి, తల చుట్టూ చెక్కి, కాడ పొడవు తగ్గించి, కాటరు గాడి కొత్తగా తీసి, కొసకు గట్టిదనం పట్టించి బిగించిన మేస్త్రీని చూశాను. బీటలేసిన హెడ్డును బొగ్గుల మీద నెమ్మదిగా వేడెక్కించి, నికెల్ రాడ్డుతో అతికి, బూడిదలో పూడ్చి రాత్రంతా చల్లారనిచ్చేవాళ్లూ ఉన్నారు. చల్లార్చడంలో తొందరపడితే అతుకు పక్కనే కొత్త బీట వస్తుంది.

పంపు పని వేరే లోకం. ఇంజనుకు డీజిల్ కొలిచి పంపే మైకో పంపులో ప్లంజరుకూ దాని గొట్టానికీ మధ్య సందు రెండు మూడు మైక్రాన్లు. అవి జంటగానే పుడతాయి, ఒక జంటలోది ఇంకో జంటలో వేస్తే పని చేయవు. బెంచి మీద ఆరు గాజు గొట్టాల్లో ఆరు సిలిండర్ల డీజిల్ పడుతుంటే, ఆరూ ఒకే మట్టంలో నిలిచేదాకా, ఒక్కోటి సరిగ్గా 60 డిగ్రీల తేడాతో కొట్టేదాకా పంపు మేస్త్రీ కదలడు. పాత బండి పొగ కక్కుతుందని తిట్టేవాళ్లకు నా మనవి: అందులో సగం పొగ బెంచి ఎక్కని పంపుది, డూప్లికేటు నాజిల్‌ది.

డూప్లికేటు మాట వస్తే నాకు నెమ్మది ఉండదు. బాక్సు మీద హోలోగ్రాం ఒరిజినల్ కన్నా ఎక్కువ మెరుస్తుంది, లోపల మాత్రం తుక్కు. మంచి బేరింగ్ షెల్లు దాని ఇంటి కన్నా రవ్వంత విప్పారి ఉంటుంది, బొటనవేలితో నొక్కితే టక్కున కూర్చుని అక్కడే ఉంటుంది. డూప్లికేటు చేయి తీయగానే జారి కింద పడుతుంది. రింగును బోరులో పెట్టి అడుగున బల్బు వెలిగిస్తే మంచి రింగు చుట్టూ చీకటే. దొంగ రింగు పక్కన వెలుతురు నెలవంకలా కనబడుతుంది. ఈ పరీక్షలు కౌంటరు దగ్గరే చేయవచ్చు, చేయనివ్వని దుకాణంలో కొనొద్దు. మూడో వంతు ధరకు వచ్చిందని మురిసిపోయి వేసుకున్న సెట్టు ఆరు నెలల్లో క్రాంకును కొరికేస్తుంది. అప్పుడు తిట్లు తినేది మేస్త్రీ. "వాడు బిగించడం రాక పాడుచేశాడు" అంటారు. ఈ నకిలీ సరుకు అమ్మినవాడు ఇంజన్లనే కాదు, మంచి పనివాళ్ల పేరును కూడా తినేశాడు. పని మానేసి ఇంటికెళ్లిన మేస్త్రీలలో కొందరి విసుగు ఇదే.

నేను లేలాండు పక్షం, దాచను. 680 ఇంజను పదకొండు లీటర్ల పైన ఉంటుంది, ఆ నెమ్మది, ఆ మోత ఇంకే ఇంజనుకూ లేవని నా నమ్మకం. టాటా మేస్త్రీలు నవ్వుతారు: "మీ లేలాండు స్పేరు కోసం మద్రాసు పోవాలి, మా 697 స్పేరు కిళ్లీ కొట్లో కూడా దొరుకుతుంది" అని. అందులో కొంత నిజముంది, ఒప్పుకోను గానీ.

2021లో పాత వాహనాల తుక్కు విధానం వచ్చింది. పదిహేనేళ్లు దాటిన బండికి ఫిట్‌నెస్ రుసుములూ పెరిగాయి. ఊరి మధ్య పొగ కక్కే బండి పోవలసిందే, దానికి నేను అడ్డు చెప్పను. కానీ ప్రెస్సు కింద నలిగే ఇంజనులో ఇంకో ఇరవై ఏళ్లు పనికొచ్చే క్రాంకు, కామ్‌షాఫ్టు, టైమింగ్ గేర్లు ఉంటాయి. అవి కరిగి ఇనుప చువ్వలయ్యేలోపు మైక్రోమీటరు పట్టగల మనిషి ఒకసారి చూసి మంచివి పక్కన పెట్టే ఏర్పాటు ప్రతి తుక్కు కేంద్రంలో ఉండాలి. ఆర్టీసీ వర్క్‌షాపుల్లో ఇంజన్లు విప్పి, కొలిచి, మళ్లీ కట్టే అలవాటు ఎన్నో ఏళ్లుగా ఉంది. పనికొచ్చేది ఏదో తేల్చగల వాళ్లు అక్కడ దొరుకుతారు.

ఆటోనగర్‌కు కూతవేటులో కానూరులో ఇంజనీరింగ్ కాలేజీలున్నాయి. మెకానికల్ పిల్లలు చివరి ఏడాది ప్రాజెక్టులు బజారులో కొనుక్కుంటారని అందరికీ తెలుసు. అయ్యా ప్రొఫెసర్లూ, ఒక్క ఏడాది మీ పిల్లల్ని షెడ్లకు పంపండి. ఆ నోటు పుస్తకాల్లోని సైజులన్నీ సరిచూసి, కంపెనీ ఆపేసిన పార్టులకు కొలతల డ్రాయింగులు గీయించండి. డ్రాయింగు ఉంటే రాజ్‌కోట్‌లోనో కోయంబత్తూరులోనో గేరు కోయించుకోవచ్చు. సాంపిల్ పంపితే మాత్రం వాళ్లు అరుగుదలతో సహా కోసి పంపుతారు, ఎందుకంటే వాళ్ల ముందున్నది అరిగిన పన్నే.

లారీ యజమానులకు కూడా ఒక మాట. ఇంజను విప్పినప్పుడు పగిలిన పిస్టన్ను పాత ఇనుములో వేయకండి. పిన్ను బెజ్జం, పైతలం మిగిలుంటే చాలు, ఎత్తు కొలవచ్చు. అరిగిన షెల్స్ వీపు మీద సైజు ముద్ర ఉంటుంది, దాన్నీ పారేయొద్దు. అన్నిటినీ ఒక గోనెసంచిలో వేసి, అట్టముక్క మీద ఇంజను నంబరు రాసి కట్టి, మీ మేస్త్రీకి అప్పగించండి.