తేనె చెప్పని పాఠము
'డీప్‌వాటర్ హొరైజన్' చలనచిత్రముపై విమర్శ

2016లో పీటర్ బెర్గ్ దర్శకత్వమున వెలువడిన 'డీప్‌వాటర్ హొరైజన్' అను ఆంగ్ల చలనచిత్రము ఉన్నత పాఠశాల విద్యార్థులకు చూపదగినదేనా? చూపినచో ఉపాధ్యాయుడు దానికి ఏమి చేర్చవలెను? కృష్ణా డెల్టా పాఠశాలలకు ఇది దూరపు ముచ్చట కాదు. గుడివాడకు సమీపమున కైకలూరు, లింగాల ప్రాంతములలో చమురు, సహజవాయువు క్షేత్రములు కలవు. మచిలీపట్నము ఎదుటి సముద్రగర్భము కృష్ణా-గోదావరి బేసిన్‌లోనిదే. కోనసీమలో పాశర్లపూడి వద్ద 1995 జనవరి 8న అదుపు తప్పిన బావి మంటలను ఆర్పుటకు 65 దినములు పట్టినది. అది నేలమీది బావి. నడిసముద్రమున అట్టిది జరిగిన వృత్తాంతమే ఈ చిత్రము.

2010 ఏప్రిల్ 20 రాత్రి మెక్సికో సింధుశాఖలో, సుమారు 1,500 మీటర్ల లోతు నీటిపై తేలుచు బావి త్రవ్వుచున్న డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు ప్రేలినది. దానిపైనున్న 126 మందిలో 11 మంది మరణించిరి. రెండు దినములకు రిగ్గు మునిగిపోయినది.

చిత్రారంభమున ఒక చక్కని ఘట్టము కలదు. కథానాయకుని చిన్న కుమార్తె తండ్రి వృత్తిని గూర్చి బడిలో చెప్పబోవు పాఠమును ఇంట వల్లించును. కోకాకోలా డబ్బాలో గొట్టము గ్రుచ్చి, లోపలి పానీయము చిమ్మకుండ గొట్టములో తేనె పోయును. డబ్బా భూగర్భము, తేనె బావిలో నింపు బురద. ఇంత సులభముగ బోధించుట ప్రశంసనీయము. కాని దీనిని చూచిన బాలుడు తేనె జిగటగా నుండుటచేతనే పానీయము ఆగినదని తలచును. అది పొరపాటు. బావిలోని బురద జిగటచేత గాక, ప్రధానముగా తన బరువుచేత వాయువును అణచి ఉంచును.

ఈ లోపమును యు-గొట్టముతో సవరింపవచ్చును. అందులో నీరు పోసి, ఒక భుజములో వంటనూనె పోసినచో, 10 సెంటీమీటర్ల నూనెస్తంభమును సుమారు 9 సెంటీమీటర్ల నీటిస్తంభమే నిలుపును. పీడనము ద్రవస్తంభపు ఎత్తుపైనను, సాంద్రతపైనను ఆధారపడును. ఆ రిగ్గులోని బురద నీటికంటె సుమారు 1.7 రెట్లు బరువైనది. బావిని తాత్కాలికముగ మూసి వెళ్లుటకై, రిగ్గునుండి సుమారు 2,550 మీటర్ల లోతు వరకు ఆ బురదను తీసి సముద్రపు నీరు నింపదలచిరి. లెక్క కట్టినచో చదరపు సెంటీమీటరుకు దాదాపు 170 కిలోగ్రాముల పీడనము తగ్గునని తేలును. అంత బరువు తీసిన పిమ్మట బావి అడుగున వేసిన సిమెంటే వాయువును ఆపవలెను. ఆ సిమెంటు సరిగా పట్టలేదు.

ఆ సంగతి ముందే తెలియవలసినది. బావిలో పీడనము తగ్గించి పరీక్షింపగా, డ్రిల్లింగు గొట్టములో సున్న ఉండవలసిన పీడనము చదరపు అంగుళమునకు 1,400 పౌనుల వరకు పెరిగినది. అదే బావితో కలిసిన మరియొక గొట్టము సున్న చూపినది. ఒకే ద్రవముతో నిండి, ఒకదానితో నొకటి కలిసిన రెండు గొట్టములు ఇట్లు వేరు వేరు పీడనములు చూపరాదు. చూపినచో ఎక్కడనో అడ్డు ఉన్నదనియో, ద్రవములు వేరనియో గ్రహింపవలెను. వారు తమకు అనుకూలమైన అంకెను నమ్మి పని సాగించిరి. చిత్రములో మిక్కిలి విలువైనది ఈ ఘట్టమే. మంటల దృశ్యములకంటె ఇదియే విద్యార్థికి భయము గొల్పవలెను.

చిత్రముయొక్క పెద్ద లోపము వేరొకటి. జాన్ మాల్కోవిచ్ నటించిన బి.పి. అధికారిని దుష్టునిగ నిలిపి, దోషమంతయు దాదాపు అతనిమీదనే మోపినది. అమెరికా జాతీయ సంఘము 2011లో ఇచ్చిన నివేదికలో బి.పి., హాలిబర్టన్, ట్రాన్స్‌ఓషన్ మూడు సంస్థల నిర్వహణలోను లోపములు కనుగొన్నది. సముద్రపు అడుగున బావి మూతిపైనున్న కవాటముల దొంతర కూడ గొట్టమును కోసి బావిని మూయలేకపోయినది. ఒక దుష్టుని తొలగించినంతనే ప్రమాదము తప్పునని బాలురు తలచినచో, చిత్రము వారికి మేలు చేయలేదనియే చెప్పవలెను.

ఫలితముల విషయములో చిత్రము మరింత పిసినారి. బావి 87 దినములు చమురు క్రక్కినది. ప్రభుత్వపు అంచనా 49 లక్షల పీపాలు. 2015లో న్యాయస్థానము 31.9 లక్షల పీపాలుగ నిర్ణయించినది. అమెరికా ఫెడరల్ ప్రభుత్వపు అధీనమునగల సింధుశాఖ జలములలో ఒక దశలో సుమారు 37 శాతము మేర చేపలవేట నిలిపివేయబడినది. లూసియానా తీరపు రెల్లుభూములు చమురుతో తడిసినవి. వీనికి చిత్రము చివరి వాక్యములే మిగిల్చినది.

1977 నవంబరు 19నాటి ఉప్పెనను దివిసీమ మరువలేదు. ఉప్పెన నీరు కొన్నాళ్లకు తీయును; మడ అడవిలో చేరిన చమురు అంత సులభముగ పోదు. బురదనుండి పైకి లేచు మడచెట్ల శ్వాసవేళ్లను అది కప్పివేయును. ఆ వేళ్లనడుమ పెరుగు రొయ్యపిల్లలు, పీతలు నశించును. నాగాయలంక, ఎదురుమొండి జాలరుల బ్రతుకు ఆ నీటితో ముడిపడియున్నది.

కనుక చిత్రమును చూపవచ్చును, చూపవలెను కూడ. కాని దానికి ముందు యు-గొట్టమును, తరువాత దివిసీమ పటమును తరగతిలో ఉంచవలెను. పరికరము చూపిన అంకె తమకు నచ్చనిదైనను దానిని త్రోసివేయరాదని విద్యార్థి గ్రహించిన నాడే చిత్రము చూపిన శ్రమ ఫలించును.